12 వేల డాలర్లలో కప్పు తెరిచే స్పోర్ట్స్ కారు

(పాఠకుల ప్రశ్నలు – వాహన సలహాలు)

ప్రశ్న: టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాను. వయసు 48. పిల్లలిద్దరూ కాలేజీలకు వెళ్ళిపోయారు. ఆఫీసుకు, ఇంటి అవసరాలకు వేరే కారు ఉంది. చదువుకునే రోజుల నుంచీ కప్పు తెరిచి నడిపే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు మీద మనసుంది. పన్నులతో సహా 12 వేల డాలర్లకు మించి పెట్టలేను. ఇప్పటికి మూడు కార్లు చూశాను: 2002 నాటి పోర్షే బాక్స్‌టర్ 9 వేలు, 2005 నాటి బీఎండబ్ల్యూ జెడ్4 7,200, గట్టి కప్పున్న 2008 నాటి మాజ్డా మియాటా 10,500 డాలర్లు చెబుతున్నారు. పోర్షేను చూసినప్పటి నుంచి నాకు ఇంకేదీ కంటికి ఆనడం లేదు. రిపేరు పనులు నాకు రావు. దేన్ని కొనమంటారు?

జవాబు: మూడింటిలో మియాటానే కొనండి, కానీ మీరు చూసిన ఆ మియాటాను ఆ ధరకు కొనకండి. ఇలా ఎందుకు చెబుతున్నానో వివరించాలంటే ముందు లెక్క దగ్గర మొదలుపెట్టాలి.

మీ 12 వేలు కారు ధర కాదు, కారుతో మొదటి ఏడాది గడపడానికి అయ్యే మొత్తం ఖర్చు. టెక్సస్‌లో పాత కారు మీద అమ్మకం పన్ను 6.25 శాతం. సొంతదారు నుంచి నేరుగా కొన్నప్పుడు కాగితం మీద తక్కువ ధర రాసుకున్నా ప్రయోజనం లేదు. రాష్ట్రం తన దగ్గర ఆ కారుకు ఒక అంచనా విలువ పెట్టుకుంటుంది కాబట్టి, మీరు ఇచ్చిన ధర, ఆ విలువలో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే పన్ను కట్టించుకుంటుంది. 10,500 డాలర్ల కారుకు పన్నే 656 డాలర్లు. టైటిల్ (యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్ రుసుములు, కొనే ముందు మెకానిక్‌తో చేయించే పరీక్ష ఖర్చు కలిపితే మీ చేతిలో మిగిలేది ఆరువందలైనా ఉండదు. ఆ డబ్బుకు నాలుగు మంచి టైర్లు కూడా రావు. అందుకే కారు ధర 9 వేలు దాటకూడదని నా సలహా. అప్పుడు అన్ని రుసుములూ పోగా 2 వేల డాలర్ల పైచిలుకు మిగులుతుంది. పదిహేను, ఇరవై ఏళ్ళ వయసున్న ఏ స్పోర్ట్స్ కారైనా మొదటి ఏడాదిలో ఆ డబ్బును అడిగి తీరుతుంది. మీరు ముందే పక్కన పెట్టుకుంటే అది ఖర్చు, పెట్టుకోకపోతే అది కష్టం.

ఇప్పుడు పోర్షే సంగతి. మీ మనసు దాని మీద ఎందుకు పడిందో నాకు తెలుసు. 1997 నుంచి 2004 వరకు వచ్చిన ఆ తొలి తరం బాక్స్‌టర్‌లో ఆరు సిలిండర్ల ఇంజిన్ సీట్ల వెనుకే, వెనుక చక్రాలకు ముందు ఉంటుంది. అందువల్ల మలుపుల్లో దాని బరువు చేతికి తెలియనంత సమంగా తిరుగుతుంది. ముందొకటి, వెనుకొకటి రెండు డిక్కీలు ఉంటాయి. కొత్తదిగా అమ్మిన రోజుల్లో దాని ధర మీ బడ్జెట్‌కు మూడు, నాలుగు రెట్లు ఉండేది. ఈ రోజు కారు ధర తగ్గింది గానీ దాని విడి భాగాల ధర, పనివారి కూలి తగ్గలేదు. ఏనుగును కొనడానికి డబ్బు చాలినంత మాత్రాన మేపడానికి చాలదు.

ఆ ఇంజిన్‌లో అందరూ చెప్పుకునే లోపం ఒకటుంది. క్రాంక్ షాఫ్టు నుంచి వాల్వులను నడిపే భాగాలకు కదలికను అందించే మధ్య షాఫ్టు ఒకటి ఇంజిన్ అడుగున ఉంటుంది. గేర్‌బాక్సు వైపు దాని చివరను మోసేది ఒక బాల్ బేరింగ్, అంటే ఉక్కు గుండ్లున్న వలయం. సీలు వేసి ఉన్న ఆ బేరింగ్‌లోని గ్రీజు కాలక్రమంలో కరిగిపోయి, బేరింగ్ అరిగి పగిలితే, వాల్వుల లయ తప్పి అవి పిస్టన్లకు తగులుతాయి. ఆ క్షణంతో ఇంజిన్ పని అయిపోతుంది. 2002 నాటి కార్లలో ఉన్నది ఒకే వరుస గుండ్లున్న బేరింగ్, దాని కంటే ముందు కార్లలోని రెండు వరుసల బేరింగ్ కొంత గట్టిది. 2001 మధ్య నుంచి 2005 మొదటి వరకు తయారైన కార్ల సొంతదారులు అమెరికాలో కోర్టుకు వెళ్ళగా సంస్థ రాజీకి వచ్చింది, కానీ ఆ పరిహారానికి అర్హత గడువు ఎప్పుడో ముగిసింది. అన్ని కార్లలోనూ ఇది పగలదని, ఎక్కువ కార్లు ఈ ఇబ్బంది లేకుండానే లక్ష మైళ్ళు దాటి నడుస్తున్నాయని కూడా న్యాయంగా చెప్పాలి. బేరింగ్ మార్చాలంటే గేర్‌బాక్సును దించాల్సిందే కాబట్టి చాలామంది క్లచ్‌నూ, దాని పక్కనున్న ఆయిల్ సీలునూ అప్పుడే మార్పిస్తారు. పోర్షే పని తెలిసిన బయటి మెకానిక్ దగ్గర కూడా ఇవన్నీ కలిసి సుమారు 3 వేల నుంచి 4 వేల డాలర్లు అవుతాయి. మీరు చూసిన కారుకు ఈ పని జరిగినట్టు బిల్లు ఉంటే నా మాట కొంత మారుతుంది. లేకపోతే ఆ కారు ధర 9 వేలు కాదు, 12,500 అని అనుకోండి. అది మీ గీత దాటింది.

జెడ్4 గురించి క్లుప్తంగా చెబుతాను. ఒకే వరుసలో ఆరు సిలిండర్లున్న దాని ఇంజిన్ చాలా మంచిది, కానీ నీటి పంపు, రేడియేటర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ భాగాలు వయసుతో పెళుసుబారి పగులుతాయి. అంతకంటే పెద్ద చిక్కు కప్పుతో ఉంది. కప్పును లేపే హైడ్రాలిక్ మోటారును కప్పు మడతపడే చోట అడుగున ఒక గుంటలో అమర్చారు. నీళ్ళు పోయే గొట్టం ఆకులతో పూడుకుపోతే వాననీళ్ళు నేరుగా ఆ గుంటలో నిలిచి మోటారును ముంచుతాయి. 7,200 డాలర్ల కారు మిగిలిన రెండింటి కంటే చౌకగా ఎందుకు దొరుకుతోందో అమ్మేవారిని అడిగే ముందు, కప్పును మూడుసార్లు వేయించి తీయించండి. మూడోసారి అది నెమ్మదించినా, మూలిగినా వచ్చేయండి.

మియాటాను ఎందుకు సిఫారసు చేస్తున్నానంటే, అది గొప్ప కారు కావడం వల్ల మాత్రమే కాదు, దాన్ని ఎవరైనా నిర్లక్ష్యం చేసి ఉంటే ఆ నిర్లక్ష్యాన్ని సరిదిద్దడానికి అయ్యే ఖర్చు తక్కువ కావడం వల్ల. పాత కారు కొనేటప్పుడు మనకు తెలియని నలుగురైదుగురు సొంతదారుల అలవాట్లను కూడా కొంటాం. ఎవరు ఆయిల్ సరిగ్గా మార్చారో, ఎవరు మార్చలేదో కాగితాలు పూర్తిగా చెప్పవు. కాబట్టి పరిమితమైన డబ్బున్నవారు వేసుకోవలసిన ప్రశ్న ఏ కారు అన్నిటికంటే వేగంగా పోతుందని కాదు, ఏ కారు పాడైతే తమ జేబు తట్టుకుంటుందని. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో తొలిసారి కనిపించినప్పటి నుంచి ఆ కారు ఉద్దేశం మారలేదు: ముందు నాలుగు సిలిండర్ల చిన్న ఇంజిన్, వెనుక చక్రాలకు శక్తి, తేలికైన ఒళ్ళు. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది. అన్ని కార్లు రోడ్డెక్కాయి కాబట్టి విడి భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఏ వీధి చివరి మెకానిక్‌కైనా ఆ ఇంజిన్ కొత్త కాదు.

మీ ధరకు అందేవి మూడు తరాలు. 1990 నుంచి 1997 వరకు వచ్చిన మొదటి తరం హెడ్‌లైట్లు మూతల్లా పైకి లేస్తాయి. అందంగా ఉంటుంది, నడిపితే మనసు నిండుతుంది, కానీ మంచివాటి ధర ఇప్పుడు ఏటేటా పెరుగుతోంది. 1994కు ముందు కార్లలో పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ లేదు. ఆరడుగుల మనిషికి కప్పు వేసినప్పుడు తల తగులుతుంది. 1999 నుంచి 2005 వరకు ఉన్న రెండో తరంలో వెనుక కిటికీకి ప్లాస్టిక్ బదులు అసలు గాజు వచ్చింది. ఈ రెండు తరాలకూ 60 వేల మైళ్ళకొకసారి, ఇంజిన్ వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు మార్చాలి. మార్చినట్టు రుజువు చూపించకపోతే మార్చలేదనే లెక్కించి ధర తగ్గించమనాలి. 2006 నుంచి 2015 వరకు వచ్చిన మూడో తరంలో 2 లీటర్ల ఇంజిన్‌కు బెల్టు బదులు గొలుసు ఉంది. సీట్లు, తలుపులు కొంత విశాలమయ్యాయి. 2007 నుంచి మోటారుతో మడిచే గట్టి కప్పు కూడా వచ్చింది, సుమారు 12 సెకన్లలో మూసుకుంటుంది, డిక్కీ స్థలాన్ని తినదు. మీ వయసుకూ అవసరానికీ ఈ తరమే సరి. 2009 నుంచి ఇంజిన్ లోపలి భాగాలను బలపరిచారు కాబట్టి ధర దగ్గర దగ్గరగా ఉంటే 2008 కంటే 2009, 2010 వైపు చూడండి. గట్టి కప్పు మీద పట్టుదల వదిలి గుడ్డ కప్పుకు ఒప్పుకుంటే ధర మరికొంత దిగుతుంది. అలాంటిది 80 వేల, 90 వేల మైళ్ళు తిరిగినా భయపడకండి. పదేళ్ళు గ్యారేజీలో కదలకుండా ఉన్న 20 వేల మైళ్ళ కారు కంటే క్రమంగా నడిచి, క్రమంగా ఆయిల్ మారిన కారే నాకు నమ్మకం.

ఇక కారు దగ్గర నిలబడినప్పుడు ఏం చూడాలి? కప్పు తెరిచే కార్లకు ఇంజిన్ కంటే ముందు నీళ్ళే శత్రువు. సీట్ల వెనుక, కప్పు మడతపడే చోట రెండు పక్కలా వాననీళ్ళు దిగిపోవడానికి సన్నని గొట్టాలు ఉంటాయి. మియాటాలో అవి వెనుక చక్రాల ముందు కిందికి తెరుచుకుంటాయి. దుమ్ము, ఆకులు చేరి పూడుకుపోతే నీళ్ళు కారు లోపలికి, తలుపుల కింద ఉండే బోలు ఇనుప దూలాల్లోకి మళ్ళుతాయి. తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది, కాబట్టి పైన రంగు మీద బుడగ కనిపించే సరికి లోపల ఇనుము జల్లెడై ఉంటుంది. 2011లో నేను కొన్న మొదటి మియాటాలో నేను చేసిన తప్పు ఇదే. ఎర్ర రంగు, మెరుస్తున్న చక్రాలు చూసి, కార్పెట్ కిందికి చేయి పెట్టకుండా డబ్బిచ్చేశాను. వారం తర్వాత వాన పడ్డాక తడిసిన గోనెసంచుల వాసన వస్తే కార్పెట్ ఎత్తి చూశాను. కింద రెండంగుళాల దూది అంతా నానిపోయి ఉంది. అమ్మిన మనిషి ఫోను ఎత్తలేదు. ఆ దూలాలు కోసి కొత్త రేకు వెల్డింగు చేయించడానికి కారు ధరలో మూడో వంతు అయింది. మీరు ఒక గ్లాసెడు నీళ్ళు తీసుకెళ్ళండి. సీట్ల వెనుక ఒక్కో పక్కన నెమ్మదిగా పోసి, చక్రం ముందు నేల మీద అవి పడుతున్నాయో లేదో చూడండి. సీట్ల వెనుక కార్పెట్‌ను అరచేత్తో నొక్కండి. వెనుక చక్రాల ముందు భాగాన్ని వేళ్ళతో తడిమి చూడండి. దీనికి ఐదు నిమిషాలు పట్టదు, అమ్మేవారు అభ్యంతరం చెప్పడానికి మంచి కారణమూ ఉండదు.

ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడ తిరిగిన కారుకు అడుగుభాగం తుప్పు తప్పదు. కారు చరిత్రను చెప్పే కార్‌ఫ్యాక్స్ నివేదికలో అది ఏయే రాష్ట్రాల్లో రిజిస్టరయిందో ఉంటుంది, దాన్ని చూసుకోండి. మన టెక్సస్ కార్లకు ఆ బాధ లేదు గానీ, ఎండకు కప్పు గుడ్డ కుట్ల దగ్గర పగులుతుంది, డాలస్ పరిసరాల్లో వడగళ్ళకు డిక్కీ మీద సొట్టలు పడతాయి. సొట్టలు అందాన్ని మాత్రమే చెడగొడతాయి. తుప్పు ప్రాణం తీస్తుంది. రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే సొట్టల కారునే తెచ్చుకోండి.

వరదల్లో మునిగిన కార్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 2017 ఆగస్టులో హార్వే తుపాను హ్యూస్టన్‌ను ముంచినప్పుడు లక్షల కార్లు నీళ్ళపాలయ్యాయి. అలాంటి కారు టైటిల్ మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది) అనో, రీబిల్ట్ (దెబ్బతిన్నాక బాగుచేసినది) అనో ముద్ర ఉండాలి, కానీ రాష్ట్రాలు మార్చి ఆ ముద్రను తుడిచేసేవారు ఉన్నారు. కారు గుర్తింపు సంఖ్య అయిన పదిహేడు అక్షరాల విన్ నంబరును బీమా నేరాల మీద పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐసీబీ వెబ్‌సైటులో ఉచితంగా చూసుకోవచ్చు. దానితో పాటు సీటు బెల్టును చివరి దాకా బయటికి లాగి, ఎప్పుడూ బయటికి రాని ఆ కొసన మట్టి గీత ఉందేమో చూడండి.

టైర్ల మీద లోతు ఉందని సంతోషపడకండి. వారాంతాల్లో మాత్రమే నడిచే కార్ల టైర్లు అరగవు, గట్టిపడతాయి. పక్క గోడ మీద డాట్ అనే ముద్ర తర్వాత చివర నాలుగంకెలుంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైనవని అర్థం. అలాంటి టైర్లతో తడి రోడ్డు మీద వెనుక చక్రాల కారును మలుపు తిప్పడం ప్రమాదం. 2012 మోడల్ నుంచి అమెరికాలో కార్లకు జారుడును అదుపు చేసే వ్యవస్థ తప్పనిసరి అయింది గానీ, మీ ధరలో వచ్చే పాత కార్లలో అది ఉండకపోవచ్చు. కాబట్టి టైర్లు మొదటి ఖర్చుగా రాసుకోండి.

నడిపి చూసేటప్పుడు, మీరు వెళ్ళే సరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పి, వెళ్ళగానే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. వేడిగా ఉంటే తొలి స్టార్టులో వచ్చే పొగనో, చప్పుడునో మీకు కనపడకుండా చేశారని అర్థం. నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఇండియాలో మనం ఎడమ చేత్తో గేర్లు వేసినవాళ్ళం, ఇక్కడ కుడి చేత్తో వేయాలి కాబట్టి మొదటి పది నిమిషాల తడబాటును కారు లోపంగా లెక్కించకండి. ఇంకో విషయం: డాలస్ కౌంటీలో పొగ పరీక్ష ఇప్పటికీ ఉంది. కొందరు అమ్మే ముందు హెచ్చరిక దీపాన్ని కంప్యూటరు నుంచి చెరిపేస్తారు. పాతిక డాలర్ల స్కానరు ఒకటి కొని పెట్టి చూస్తే, కారు కంప్యూటరు తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో, నిన్ననే అన్నీ చెరిపేశారో తెలిసిపోతుంది.

ఇన్ని చూశాక కూడా, మీకు రిపేరు పని రాదన్నారు కాబట్టి, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌కు 150 నుంచి 300 డాలర్లిచ్చి కారును లిఫ్ట్ మీద ఎక్కించి చూపించండి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర నుంచి లేచి వచ్చేయండి. చివరగా, సొంతదారు నుంచి కొంటే ఇద్దరూ కలిసి కౌంటీ పన్ను కార్యాలయానికి వెళ్ళి, అక్కడే టైటిల్ మార్పించుకుని, ఆ తర్వాతే ఎవరి దారిన వారు వెళ్ళండి.

ఈ ధరలో హోండా ఎస్2000 దొరికితే చెప్పమని కూడా కొందరు రాస్తుంటారు. నిమిషానికి 9 వేల చుట్ల దాకా తిరిగే ఇంజిన్‌తో వచ్చిన ఆ కారు 2009తో ఆగిపోయింది, మంచివి మీ బడ్జెట్‌ను దాటిపోయాయి. 12 వేలకు దొరికేది దెబ్బ తిన్నదే అయి ఉంటుంది. పాంటియాక్ సోల్‌స్టిస్ చూడముచ్చటగా ఉంటుంది గానీ, ఆ బ్రాండే మూతపడింది కాబట్టి కప్పు, దీపాలు, బయటి రేకుల భాగాలకు వెతుకులాట తప్పదు.

ప్రశ్న: మాకు నాలుగేళ్ళ పాప ఉంది. పాపను కూడా తీసుకెళ్ళేలా రెండు సీట్ల కన్వర్టిబుల్ కొనవచ్చా? – న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. రెండు సీట్ల కారులో పాపను ముందు సీట్లో, ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా కూర్చోబెట్టాలి. ఆ వయసు పిల్లలకు వెనుక సీటే తగిన చోటు. మీ ఇద్దరి మనసూ కప్పు తెరిచే కారు మీదే ఉంటే ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్ చూడండి. 2011 నుంచి 2014 వరకు వచ్చిన ఆరు సిలిండర్ల వీ6 ఇంజిన్‌కు 305 హార్స్‌పవర్ ఉంది, వెనుక సీట్లు చిన్నవే అయినా పిల్లల సీటు పడుతుంది. కొనే ముందు మీ పాప సీటును తీసుకెళ్ళి బిగించి చూడండి. వాటిలో చాలా కార్లు మొదట అద్దెకు తిరిగినవి కాబట్టి చరిత్ర నివేదికలో మొదటి సొంతదారు ఎవరో చూసుకోండి.

ప్రశ్న: ఇక్కడ కొన్న మియాటాను రెండేళ్ళ తర్వాత హైదరాబాద్‌కు తీసుకెళ్ళవచ్చా? – కాలిఫోర్నియా నుంచి ఒక పాఠకుడు

జవాబు: వీలు కాదు. ఇండియాలోకి తెచ్చే వాడిన కారు తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగ్ కుడి వైపు ఉండాలి. అమెరికా కార్లన్నిటికీ అది ఎడమ వైపే ఉంటుంది కాబట్టి వయసు సంగతి చూడకముందే అది ఆగిపోతుంది. తిరిగి వెళ్ళే ముందు అమ్మేయండి. వసంతకాలం మొదట్లో, జనం కప్పు తెరవాలని చూసే రోజుల్లో, ప్రకటన ఇవ్వండి. అదే కారుకు డిసెంబరులో కంటే మార్చిలో ఎక్కువమంది ఫోన్ చేస్తారు.